టుయోల్ స్లెంగ్ ఒక బడి

కంబోడియా చూసొచ్చిన మనవాళ్ల ఫోన్లలో ముందు ఆంకోర్ వాట్ గోపురాలుంటాయి. వాటి తర్వాత నాలుగైదు పుర్రెల ఫొటోలు. "అబ్బ, ఎంత రాక్షసులండీ వాళ్లు!" అని ఒక్క మాట అనేసి ఫోన్ జేబులో పెట్టుకుంటారు. నా గొడవ ఆ మాటతోనే. రాక్షసులు అనేస్తే ఇంకేమీ ఆలోచించే పని ఉండదు.

1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ సేనలు నామ్‌పెన్ నగరంలోకి వచ్చాయి. 1979 జనవరి 7న వాళ్ల పాలన కూలింది. ఈ మధ్యలో దాదాపు 17 లక్షల మంది చనిపోయారు. టుయోల్ స్లెంగ్ అంతకుముందు ఉన్నత పాఠశాల. తరగతి గదుల్లో ఇటుక గోడలు లేపి, మనిషి పడుకుంటే చాలీచాలని కొట్లు కట్టారు. ఖైదీలు దూకి చావకుండా వరండాలకు ముళ్లతీగ అల్లారు. పిల్లలు వ్యాయామం చేసే కొయ్య చట్రానికి మనుషుల్ని వేలాడదీశారు. లోపలికి వెళ్లినవాళ్లు 12 వేలకు తక్కువ కాదు, బతికి బయటపడ్డవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత.

ఆ జైలు అధికారి డచ్ అంతకుముందు లెక్కల మాస్టారు. ఖైదీల వాంగ్మూలాలను కాంపోజిషన్ పుస్తకాల్లాగా దిద్ది, అంచుల్లో వ్యాఖ్యలు రాసేవాడు. అతని పైనున్న సోన్ సేన్ ఉపాధ్యాయ శిక్షణ సంస్థలో పనిచేసినవాడు. పోల్ పాట్ కూడా ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పాడు. ఉపాధ్యాయ శిక్షణ పొందిన నాకు పుర్రెల కన్నా ఇదే ఎక్కువ భయం. గైడ్లు ఈ సంగతి దాచరు. వినేవాళ్లే దాని దగ్గర ఆగరు.

ఇక మనలాంటి వాళ్ల సంగతి. కంబోడియా ఈశాన్య మూలన రతనకిరి కొండల్లో జరాయి, టంపువాన్, క్రుంగ్ తెగలుంటాయి. మన పోడు లాంటిదే వాళ్ల సాగు. 1960లలో సిహనూక్ ప్రభుత్వం రబ్బరు తోటల కోసం వాళ్ల భూములు తీసుకుంటే 1968లో తిరగబడ్డారు. ఆ కాలంలోనే పోల్ పాట్ ఆ కొండల్లో తలదాచుకున్నాడు. అతనికి కాపలా కాసిన వాళ్లలో కొండ యువకులున్నారు. డబ్బు తెలియని వాళ్లు, సొంత ఆస్తి లేని వాళ్లు, కల్మషం లేని వాళ్లు అని నాయకులు వాళ్లను తెగ మెచ్చుకున్నారు. అధికారం చేతికొచ్చాక ఏం చేశారు? కొండ దింపి మాగాణుల్లో పనికి పెట్టారు. సొంత భాష మాట్లాడొద్దన్నారు. దేవతల కొలుపులు మానమన్నారు. రతనకిరిలోని ఔ కన్సెంగ్ జైలులో జరాయిల గుంపునొకదాన్ని చంపేశారని 2018 నాటి ట్రిబ్యునల్ తీర్పులో ఉంది.

మనల్ని "అమాయకులు", "స్వచ్ఛమైనవాళ్లు" అని ఎవరైనా పొగిడితే నాకు ఒళ్లు జలదరించేది ఇందుకే. తర్వాతి వాక్యం ఏమిటో చూడాలి. "కాబట్టి మీ మాట వదిలి మా మాట నేర్చుకోండి" అని వస్తుంది చాలాసార్లు. ఇంటి భాషలో మాట్లాడినందుకు బెత్తం తిన్న పిల్లలు మన ఆశ్రమ పాఠశాలల్లోనూ ఉన్నారు. అది హత్య కాదు, రెండూ ఒకటని నేను అనను. కానీ పిల్లవాడి నోరు మూయించే పని అక్కడా ఇక్కడా మాస్టార్ల చేతుల మీదుగానే జరిగింది.

అమెరికా 1969 నుంచి 1973 దాకా ఆ దేశం మీద బాంబులు కురిపించిందని చెప్పి, అక్కడితో మాట ముగించే మిత్రులున్నారు. బాంబులు నిజమే. జరాయి భాష మీద నిషేధం పెట్టింది మాత్రం బాంబు కాదు. ఈ కథను పట్టుకుని, పేదవాడు భూమి అడిగినప్పుడల్లా "చూశారా, కంబోడియా!" అని బెదిరించేవాళ్లు ఇంకో రకం. రతనకిరిలో రబ్బరు తోటలు ఎవరి భూమిలో లేచాయో వాళ్లు అడగరు.

2025 జూలైలో యునెస్కో మూడు చోట్లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది: టుయోల్ స్లెంగ్, చోయుంగ్ ఎక్, ఎం-13. మంచిదే. ఔ కన్సెంగ్ అందులో లేదు. రతనకిరి దాకా వెళ్లే పర్యాటకులు యక్ లోమ్ సరస్సులో ఈతకొట్టి తిరిగొస్తారు. చోయుంగ్ ఎక్ నిర్వహణను 2005లోనే 30 ఏళ్లకు ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. చచ్చినవాళ్ల ఎముకలకూ టికెట్టు!

వెళ్లొద్దనడం లేదు. మన మాస్టార్లు, మన పిల్లలు తప్పక వెళ్లాలి. వెళ్లినవాళ్లు గైడ్‌ను ఆపి, జరాయిల పేర్లు ఏ గోడ మీద ఉన్నాయో చూపించమని అడగాలి. చూపించలేకపోతే సందర్శకుల పుస్తకంలో ఆ ప్రశ్న రాసి రావాలి. తిరిగొచ్చాక తరగతిలో పుర్రెల ఫొటో వద్దు. ఇటుక గోడలు లేచిన ఆ తరగతి గది ఫొటో చూపించి, అది ఎవరి బడో, అక్కడ ఎవరు మాస్టారో పిల్లలకు వాళ్ల ఇంటి భాషలో చెప్పండి.