దిబ్బలు దింపండి, వాటికి కాపలా కూడా పెట్టండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ కమిషనర్ గారికి,

మిర్చి, పత్తి పండే గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నుంచి సముద్రం గురించి రాస్తున్నాను. మా చేలల్లో కురిసిన వాన నల్లమడ, రొంపేరు వంటి కాలువల గుండా చివరికి చేరేది సముద్రానికే. అందుకే మన తీరంలో కృత్రిమ దిబ్బల గురించి ఈ మనవి.

పగడపు దిబ్బలు సముద్రపు అడుగున ఒక శాతం కన్నా తక్కువ చోటులో ఉన్నా, సముద్రజీవుల్లో దాదాపు నాలుగో వంతు జాతులు వాటిమీదే ఆధారపడతాయి. అలల దెబ్బకు అవి అడ్డు నిలుస్తాయి, చేపపిల్లలకు దాపునిస్తాయి. తేటనీరు, ఎండ లేనిదే దిబ్బలు కట్టే పగడం బతకదు. కృష్ణమ్మ ఒండ్రు తెచ్చిపోసే మన తీరంలో అది పెరగదు. నిజాంపట్నం మడ అడవులే ఇక్కడ ఆ పనిలో కొంత చేస్తున్నాయి.

లోటు పూడ్చడానికి కృత్రిమ దిబ్బలున్నాయి. ప్రధాన మంత్రి మత్స్య సంపద యోజన వాటికి నిధులిచ్చింది. కాంక్రీటు త్రికోణాలు, వరలు అడుగున దింపితే నాచు, ఆల్చిప్పలు పట్టుకుంటాయి. చిన్న చేపలు చేరతాయి, వాటి వెంట పెద్దవీ వస్తాయి. ఒడ్డుకు దగ్గర్లోనే వేట దొరికితే చిన్న పడవకు డీజిల్ ఖర్చు తగ్గుతుంది. అడుగు ఈడ్చే ట్రాల్ వలలు కాంక్రీటుకు తగిలి చిరుగుతాయి కనుక మరబోట్లు ఆ చోటికి రావడానికి జంకుతాయి.

అయితే చేపలు గుమిగూడిన చోట వాటిని ఊడ్చుకుపోవడమూ తేలికే. కాబట్టి మా కోరికలు ఇవి.

సూర్యలంక, వాడరేవు, కొత్తపట్నం మత్స్యకారులను అడిగి చోటు ఎంచండి. మెత్తటి బురదలో కాంక్రీటు కూరుకుపోతుంది. గట్టి నేల ఎక్కడుందో ఏళ్ల తరబడి వల వేసినవారికి తెలుసు.

ఒడ్డు దగ్గరి నీళ్లను చిన్న పడవలకు కేటాయించే 1994 నాటి చట్టాన్ని గట్టిగా అమలు చేయండి. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధం మిగతా పది నెలలకు కాపలా కాలేదు.

మడ అడవుల్లో కొత్త రొయ్యల చెరువులు తవ్వనివ్వకండి. వ్యవసాయశాఖతో కలిసి మురుగుకాలువల్లో పురుగుమందుల జాడ పరీక్షించి, ఫలితాలు మా గ్రామాల్లో ప్రకటించండి. మందు తగ్గించే బాధ్యత రైతులది. ఎక్కడ తగ్గించాలో చూపించే బాధ్యత ప్రభుత్వానిది.

దిబ్బలు దింపిన ప్రతిచోటా ముందూ తర్వాతా ఎంత వేట పడిందో ఏటా లెక్క చెప్పండి. దింపిన కాంక్రీటు టన్నులను కాక, పల్లెకారుల ఇంటికి చేరిన ఆదాయాన్ని ఫలితంగా చూడమని మనవి.

ఇట్లు,
గుంటూరు జిల్లా రైతు