ముఖము చూపుట వేరు, అప్పగించుట వేరు

ఒకప్పుడు విమానమనగా మన పావగడ సీమవారికి ఆకాశమున మెరసి మాయమగు చుక్క మాత్రమే. నేడు మన పిల్లలు హైదరాబాదులోను, గల్ఫు దేశములలోను, అమెరికాలోను ఉద్యోగములు చేయుచున్నారు. వారిని చూడబోవు పెద్దలు దేవనహళ్లి విమానాశ్రయపు ద్వారము దాటుచున్నారు. కావున ఆ ద్వారమువద్ద మనవారిని ఏమి అడుగుచున్నారో, ఏ భాషలో అడుగుచున్నారో విచారించుట మన సంఘమునకు విధియైనది.

2022 డిసెంబరు 1న ఢిల్లీ, వారణాసి, బెంగుళూరు విమానాశ్రయములలో ‘డిజియాత్ర’ యను పద్ధతి ప్రారంభమైనది. ప్రయాణికుడు తన ఆధారుతో ముడిపెట్టి ముఖచిత్రమును ఫోనులో నమోదు చేసికొనును. ద్వారమువద్ద కెమెరా ఆ ముఖమును పోల్చి తలుపు తీయును. దీనిని నడుపునది ప్రభుత్వ శాఖ కాదు. విమానాశ్రయాల ప్రాధికార సంస్థయు, బెంగుళూరు, హైదరాబాదు మొదలగు విమానాశ్రయముల కంపెనీలును వాటాదారులుగా 2019లో ఏర్పడిన సంస్థ. ఇందు చేరుట ఐచ్ఛికము. గుర్తింపు కార్డు చూపి మామూలు వరుసలో పోవు హక్కు ప్రతివారికిని కలదు.

కాగితముపై ఐచ్ఛికమే, ఆచరణలో ఏమి? అడుగకయే ముఖచిత్రములు తీయుచున్నారని ఫిర్యాదులు పత్రికలకెక్కగా, ఇది నిర్బంధము కాదని మంత్రిత్వశాఖయే ప్రకటింపవలసివచ్చినది. మన సభ్యుల ఇండ్లలోని వృద్ధులును ఇట్టి అనుభవమునే చెప్పుచున్నారు. ఏకరూపు దుస్తులు ధరించిన యువకుడొకడు కార్డు పుచ్చుకొని, ఇటు చూడుడనిన, మన పెద్దలు చూతురు. అది ఆజ్ఞయో అభ్యర్థనయో వారికి తెలియదు. తెలియక తల యూచుట సమ్మతి యగునా?

దేశరక్షణకు ఇది అవసరమని కొందరందురు. రక్షణ విలువ మన యూరికి ఒకరు చెప్పనక్కరలేదు. 2005 ఫిబ్రవరిలో ఈ వెంకటమ్మనహళ్లిలోనే పోలీసు శిబిరముపై నక్సలైట్ల దాడి జరిగి పోలీసులు ప్రాణములు కోల్పోయిరి. విమానమెక్కువాడెవరో తెలిసికొనుట న్యాయమే. ఆ పని కార్డుతో జరుగుచునే యున్నది. ముఖచిత్రము వలన వరుస త్వరగా కదలునని ఆ పద్ధతివారే చాటుచున్నారు. సౌకర్యమును రక్షణ యను పేరుతో అంటగట్టరాదు.

తప్పు చేయనివానికి దాపరికమేల యని మరికొందరి ప్రశ్న. వర్తకులమైన మాకు దీనికి జవాబు తెలియును. చట్టప్రకారము అడిగిన అధికారికి మా ఖాతా పుస్తకములు చూపుదుము. వానిని అంగడి వాకిట వ్రేలాడదీయము. ఒక ఖాతాదారుని బాకీ మరియొకనికి చెప్పము. అది దొంగతనము కాదు, మర్యాద. అడుగువాడెవడు, దేనికి, ఎన్నాళ్లు ఉంచుకొనును అని ప్రశ్నించుట మర్యాదస్థుని హక్కు.

విమానము బయలుదేరిన పిమ్మట 24 గంటలలో విమానాశ్రయములోని వివరములు తుడిచివేయుదుమని చెప్పుచున్నారు. మంచిదే, తుడిచినట్లు ప్రయాణికుని చేతికి రశీదేది? విదేశములకు పోవువారి సంగతి వేరు. 2022 ఆగస్టులో వెలువడిన నిబంధనలననుసరించి, విమాన కంపెనీలు వారి పేరు, చిరునామా, సొమ్ము చెల్లించిన విధము మొదలగునవి కస్టమ్సు శాఖకు అందజేయవలెను. ఆ శాఖ వానిని అయిదేండ్లు ఉంచుకొనవచ్చును. ఈ సంగతి మనవారిలో ఎందరికి తెలియును?

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. ఆ వ్యాజ్యమును 2012లో, ఎనుబదియారేండ్ల వయసున వేసిన జస్టిస్ పుట్టస్వామిగారు మన కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. ఆ వృద్ధుడు సాధించిన హక్కును మన వృద్ధులు తెలియక జారవిడువవలెనా?

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము మనకు మరియొక ఆయుధమిచ్చినది. సమ్మతి కోరు నోటీసును ఇంగ్లీషులోగాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలు భాషలలో దేనిలోగాని పొందు వీలు కల్పింపవలెనని దాని ఆదేశము. ఆ షెడ్యూలులో తెలుగు మొదటినుండియు ఉన్నది. రాష్ట్రపు సరిహద్దు ఈ హక్కును తగ్గింపదు. దాని నిబంధనలు 2025 నవంబరులో ప్రకటింపబడినవి; అమలు దశలవారీగా జరుగునట్లు ఏర్పాటైనది. అడుగవలసిన కాలమిదియే. కన్నడముతో మనకు పోటీ లేదు. మనలో పలువురు కన్నడపు బడిలో చదివి, ఇంట తెలుగు మాటలాడువారే. చదువరాని తల్లికి ఆమె భాషలో నోటితో చెప్పుడనియే మన కోరిక.

కావున సంఘము పక్షమున మూడు కోర్కెలు పంపుచున్నాము. మామూలు వరుసను కుదింపక గౌరవముగా నడుపవలెను. ముఖచిత్రము తీయుటకు ముందు ‘వలదనవచ్చును’ అను మాట కన్నడ, తెలుగు భాషలలో స్పష్టముగా చెప్పవలెను. వివరములు తుడిచినట్లు ప్రయాణికునికి తెలియజేయవలెను. 2024 జూన్‌లో పౌరవిమానయాన శాఖ బాధ్యత స్వీకరించిన శ్రీ కింజరాపు రామమోహన నాయుడుగారు తెలుగువారే. ఈ విజ్ఞాపనము చదువుటకు వారికి అనువాదకుడు అక్కరలేదు.

ప్రతి యింటినుండి ఒక సంతకము రావలెను. అంతవరకు ప్రయాణమగు పెద్దలకు ఒక్కమాట నేర్పి పంపుడు: “కార్డు చూడుడు, ఫొటో వలదు.”