ఎర్రచందనంపై ఆ భయం అక్కర్లేదు

సంపాదకులకు,

అంతరించే జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం నిఘా సడలించింది కాబట్టి ఇక శేషాచలం అడవుల్లో ఎర్రచందనం ఖాళీయే అన్న ధోరణిలో గత సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. వ్యాసకర్త రెండు వేర్వేరు సంగతులను ఒకే గాటన కట్టారు. ఎర్రచందనం 1995లో సైట్స్ రెండో అనుబంధంలో చేరింది, ఇప్పటికీ అందులోనే ఉంది. 2004 నుంచి మన దేశపు ఎర్రచందనం వ్యాపారంపై సైట్స్ కింద నడిచిన ప్రత్యేక సమీక్షను మాత్రమే 2023 నవంబరులో జెనీవాలో ఎత్తేశారు. అడవిలో చెట్టు కొడితే నిన్న ఎంత నేరమో ఈరోజూ అంతే.

ఆ సమీక్ష ఎత్తేయడంతో మేలు జరగాల్సింది తోటల్లో పెంచినవాళ్లకి. మా కోడూరు వైపు మామిడితోటల గట్ల మీద ఈ చెట్లు వేసిన రైతులున్నారు. పైనున్న తెల్లచెక్క చెక్కేస్తే మిగిలే ఎర్రటి చేవకే ధర. అది ముదరాలంటే ఏళ్లు పూళ్లు పడుతుంది. ఇంతా పెంచాక కొట్టడానికో అనుమతి, తరలించడానికో అనుమతి, ఎగుమతికి మరొకటి! తిరగలేక దళారికి అప్పగించేవాళ్లూ ఉన్నారు.

రేవు దాటిన దుంగను పట్టాలంటే దేశాలు కలిసిరావాలని వ్యాసకర్త అన్న మాట మాత్రం నిజం. సైట్స్ పత్రం లేని సరుకును అవతలి రేవులోనూ ఆపగలగడం ఆ ఒప్పందం చలవే కదా!

రైతు చెట్టును నాటినప్పుడే నమోదు చేసి, అనుమతులన్నీ ఒకేచోట ఇవ్వాలి. మీ పత్రిక ఈసారి దాని మీద రాయాలని మనవి.

— ఒక పాఠకుడు, రైల్వే కోడూరు