అన్న కీర్తి నీడలో బాలుస్వామి దీక్షితులు

బాలుస్వామి దీక్షితులు (1786–1858) సంగీత త్రిమూర్తులలో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులకు తమ్ముడు. తండ్రి రామస్వామి దీక్షితులు స్వయంగా వాగ్గేయకారులు. మద్రాసు దగ్గరి మణలిలో మొదలియార్ల ఆశ్రయంలో ఈ కుటుంబం ఉన్న కాలంలో బాలుస్వామి ఒక యూరోపియన్ దగ్గర వయొలిన్ నేర్చుకుని, ఆ పరాయి వాద్యం మీద మన గమకాలు పలికించారు. తంజావూరు వడివేలుకూ ఈ ఘనతలో వాటా ఉన్నా, ముందు అడుగు వేసింది బాలుస్వామే. తరువాత ఎట్టయపురం ఆస్థాన విద్వాంసులై అక్కడి పాలకుల మీద దరువులు రచించారు. అన్నగారు 1835లో కన్నుమూసింది ఆ ఊళ్లోనే. అన్న కృతులు పాఠం చెడకుండా మనదాకా రావడానికి తమ్ముడి ఇల్లే పెద్ద ఆధారం. బాలుస్వామి దత్తత తీసుకున్న మనుమడు సుబ్బరామ దీక్షితులే 1904లో తెలుగు లిపిలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వెలువరించి, ఆ కృతులను స్వరసహితంగా భద్రపరిచారు. ఇంత చేసిన మనిషి చాలామందికి ముత్తుస్వామి తమ్ముడిగానే తెలియడం అన్యాయం. ఆయన వేసిన ఆ తొలి అడుగు ఫలితం ఇవాళ ప్రతి కచేరీలో కనిపిస్తుంది: హైదరాబాదు చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో గాత్ర కచేరీ అంటే పక్కన వయొలిన్ ఉండవలసిందే. నారాయణగూడ, అశోక్‌నగర్‌ల నుంచి నడిచి వచ్చే శ్రోతకు ఆ జంట అంత సహజం. దీక్షితుల కృతులు పాడే వేదికల మీద తమ్ముడి దరువు ఒకటైనా వినిపించాలి. వయొలిన్ నేర్పే ప్రతి గురువూ తొలి పాఠంలోనే ఆయన పేరు చెప్పాలి.