బొమ్మ సైన్యాలకు ఓ గది ఇవ్వండి

నాటింగ్‌హామ్ అనగానే చాలామందికి రాబిన్ హుడ్ గుర్తొస్తాడు. బల్ల మీద బొమ్మ సైన్యాలు నడిపేవాళ్లకు మాత్రం అది 1983లో వచ్చిన వార్‌హామర్ అనే బొమ్మ సైన్యాల ఆటను తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ ఉన్న ఊరు.

ఈ ఆటను పిల్లల కాలక్షేపమని తీసిపారేయడం అన్యాయం. 1824 నాటికే రైస్విట్జ్ అనే ప్రష్యా అధికారి మ్యాపులు, పాచికలు, మధ్యవర్తితో రూపొందించిన యుద్ధక్రీడను అక్కడి సైన్యం శిక్షణకు వాడుకుంది. 1913లో రచయిత హెచ్.జి.వెల్స్ ‘లిటిల్ వార్స్’ పుస్తకంతో ఆ సరదాను ఇళ్లలోకి తెచ్చాడు. స్ప్రింగు ఫిరంగితో బొమ్మ సైనికులను పడగొట్టడం అందులో ముఖ్యం.

అయితే ఆటకు ప్రాణం స్థానిక క్లబ్బే. అంగుళం పైచిలుకు ఎత్తున్న బొమ్మకు సన్నటి కుంచెతో కళ్లు దిద్దడం పాతవాళ్ల పక్కన కూర్చుంటేనే త్వరగా పట్టుబడుతుంది. శత్రువు కనిపిస్తున్నాడా లేదా అన్న పేచీ వస్తే ఇద్దరూ వంగి, బొమ్మ కంటి ఎత్తు నుంచి గోడ సందులోకి చూస్తారు. ఓడిపోతున్నా ఎదుటివాడి కొలతను ఒప్పుకోవాలి. ఈ మర్యాద మనుషుల మధ్యే అలవడుతుంది.

బొమ్మల ఖరీదు కొత్తవాళ్లను వెనక్కి నెడుతుంది, నిజమే. అందుకే క్లబ్బులు అరువు సైన్యాలు ఉంచాలి. బ్రిటన్ గ్రంథాలయాలు, కమ్యూనిటీ హాళ్లు వారానికో సాయంత్రం నామమాత్రపు అద్దెకు గది ఇవ్వాలి. పెద్ద బల్లలు, మంచి వెలుతురు, సామాన్లకు ఓ బీరువా ఉంటే చాలు.