పట్టణ క్షేమం మన పని కాదా?

వీధి చివర రోటరీ, లయన్స్ క్లబ్బులు రక్తదాన శిబిరం పెడితే అందులో మన సంఘం యువత ఎందరు? "అది లోకసంబంధమైన పని" అని పెద్దలమే ఆపుతున్నాం.

బబులోను చెరలో ఉన్నవారికి ఉత్తరం రాస్తూ, మీరున్న పట్టణ క్షేమాన్ని కోరండని యిర్మీయా చెప్పాడు. తరాలుగా బెంగళూరులో, ముంబైలో, బరంపురంలో స్థిరపడిన మనకు ఆ మాట వర్తించదా? 2014లో భారతదేశం పోలియోరహితమైందంటే, ఆరోగ్య సిబ్బందితో పాటు రోటరీ సభ్యుల శ్రమ కూడా అందులో ఉంది. ఆ చుక్కల మందు ఏ బిడ్డ కులం, మతం చూడలేదు.

యువతీ యువకులారా, చేరండి. 12 నుంచి 18 ఏళ్ల వారికి ఇంటరాక్ట్, 18 నిండినవారికి రోటరాక్ట్ ఉన్నాయి. అయితే కళ్లు తెరిచి చేరండి. బెంగళూరు వీధులూడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడే దళితులు ఎందరో. ఏడాదికోసారి వాళ్లకు శాలువా కప్పి ఫోటో దిగితే సరిపోదు. చేతి తొడుగులు, సమయానికి జీతం వాళ్ల హక్కు. క్లబ్బు సమావేశంలో ఆ మాట ఎత్తేది మీరే కావాలి. వాళ్ల పిల్లలు కూడా సభ్యులుగా ఆ కుర్చీల్లో కూర్చోవాలి.

చందా బరువంటారా? పండుగ అలంకరణకు ఖర్చుపెట్టే సంఘం, ఏటా ఇద్దరు పిల్లల చందా కట్టలేదా?