మూత్రంలో పోతుంది కదా!

“విటమిన్ సి ఎంత మింగినా నష్టం లేదు, ఎక్కువైనది మూత్రంలో పోతుంది” అని మందుల దుకాణాల్లోనే కాదు, కొందరు వైద్యుల నోట కూడా వింటూ ఉంటాము. ఎంత మింగినా నష్టం లేదన్నది సరికాదు కానీ, ఎక్కువైనది మూత్రంలో పోతుందన్న మాట నిజమే. నా అభ్యంతరమంతా ఆ నిజంతోనే. ఆ మూత్రాన్నే కదా మనం సీసాలో పట్టి పరీక్షకు ఇస్తున్నాము!

రోజుకు పురుషునికి 80, స్త్రీకి 65 మిల్లీగ్రాములు చాలునని భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పింది. ఒక మంచి జామకాయ ఆ లెక్క తీరుస్తుంది. మనవారు చప్పరించే బిళ్ళలో సాధారణంగా ఉండేది 500. కరోనా నాటి ఈ అలవాటు చాలా ఇళ్ళలో ఇంకా వదలలేదు.

మూత్రంలో ముంచే రంగుపట్టీ మీద చక్కెర గడిలో ఒక ఎంజైము గ్లూకోజు నుండి హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టిస్తుంది. దానివల్ల గడి రంగు మారాలి. విటమిన్ సి ఆ పెరాక్సైడును మధ్యలోనే కాజేస్తుంది. రంగు రాదు, చక్కెర “లేదు” అని నివేదిక వస్తుంది. రక్తం గడిలోనూ దాదాపు ఇదే కథ. పూర్వం మేము బెనెడిక్ట్ ద్రావణంతో మరిగించి చూసేవారము. అక్కడ ఇదే విటమిన్ చక్కెర వేషం కట్టి, లేనిదాన్ని ఉన్నట్లు చూపేది!

చక్కెరకు రక్తపరీక్ష ఉన్నది కనుక దాన్ని వదిలేద్దాము. రక్తం సంగతి వేరు. నొప్పి లేకుండా, కంటికి కనబడకుండా మూత్రంలో పడే రక్తకణాలు మూత్రాశయ కాన్సరుకు తొలి జాడ కావచ్చు. సూక్ష్మదర్శినితో చూస్తే అవి దొరుకుతాయి. పట్టీ శుభ్రంగా ఉంటే అంతదూరం పోని చోట్లు ఉన్నాయి.

ఇది అరుదైన విషయమనీ, పెద్దది చేయవద్దనీ కొందరు అంటారు. అరుదని ఎలా తెలిసింది? “లేదు” అని వచ్చిన పరీక్షను మళ్ళీ చేయించేది ఎవరు?

పట్టీల తయారీదారులకు ఇది తెలుసు. డబ్బాలోని కాగితంలో చిన్న అక్షరాలతో వ్రాస్తారు. విటమిన్ సిని కొంతవరకు తట్టుకునే పట్టీలూ, దాన్నే పసిగట్టే గడి ఉన్న పట్టీలూ బజారులో ఉన్నాయి. బిళ్ళల పెట్టె మీద మాత్రం రోగనిరోధక శక్తి గురించి తప్ప మరో మాట ఉండదు. ల్యాబు ఫారంలో పేరు, వయస్సు, ఫోను నెంబరు అడుగుతారు. ఏ బిళ్ళలు వాడుతున్నారో అడిగే గడి అరుదు. రోగి తానుగా చెప్పడు. అతని దృష్టిలో అది మందు కాదు, “బలానికి”. (బి-కాంప్లెక్సు వేసుకుని మూత్రం పచ్చబడితే మాత్రం హడలిపోయి వస్తారు. అది నిరపాయం!)

ల్యాబులు ఆ ఒక్క ప్రశ్నను ఫారంలో చేర్చాలి. అంతవరకు మీరే చెప్పండి. బలానికి వేసుకునే విటమిన్ సి బిళ్ళలను పరీక్షకు రెండు రోజుల ముందు ఆపండి. వైద్యుడు వ్రాసిన మందులను మాత్రం ఆయనను అడగకుండా ఆపవద్దు. ఇప్పటికే పరీక్ష అయిపోయి ఉంటే, ఆ వారం ఏమి మింగారో గుర్తు చేసుకుని ఆ నివేదికను మళ్ళీ మీ వైద్యునికి చూపండి.